మూతపడిన పాత సినిమా హాలు: చిక్కంతా లోపలి ఖాళీతోనే

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒక కార్ల పార్కింగ్ ఉంది. కారు ఆపి తల పైకెత్తితే, అంత ఎత్తున గారతో చేసిన పూలు, తోరణాలు, పెచ్చులూడిన బంగారు రంగు కనిపిస్తాయి. 1926లో దాదాపు 4,000 సీట్లతో తెరిచిన మిషిగన్ థియేటర్ అది. నడపలేక మూసేశాక, 1977లో హాలు లోపల కాంక్రీటు అంతస్తులు వేసి పార్కింగ్ చేశారు. మొత్తం కూల్చేద్దామంటే కుదరలేదు. హాలుకు అతుక్కునే ఒక ఆఫీసు భవనం ఉంది, హాలును పడగొడితే దాని కట్టడానికీ ముప్పు. పైగా ఆ ఆఫీసుల వాళ్లకు అప్పుడు కావాల్సింది కార్లు పెట్టుకునే చోటు. ఇంకో విశేషం ఏమిటంటే, 1896లో హెన్రీ ఫోర్డ్ తన మొదటి బండిని తయారుచేసిన షెడ్డు ఉన్న స్థలం కూడా అదే. కారు పుట్టిన చోట సినిమా వచ్చింది. సినిమా వెళ్లిపోయాక కార్లే తిరిగొచ్చాయి.

ఈ హాలును గీసింది రాప్ అండ్ రాప్ అనే ఆర్కిటెక్టుల సంస్థ. షికాగోలోని అప్‌టౌన్ (1925), న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని లోయూస్ కింగ్స్ (1929) కూడా వాళ్లవే. మూడూ నాలుగైదేళ్ల తేడాలో కట్టినవి. ఒకదానికొకటి తీసిపోని వైభవం వాటిది. కింగ్స్ 1977లో మూతపడి, 2015లో సంగీత కచేరీల వేదికగా మళ్లీ తెరుచుకుంది. అప్‌టౌన్ 1981లో మూతపడింది, 1991లో దానికి రక్షిత కట్టడం హోదా దక్కింది. అయినా దశాబ్దాలపాటు తలుపులు తెరుచుకోలేదు. ఒకటి పార్కింగ్, ఒకటి కచేరీ హాలు, ఒకటి తాళం. నిర్మాణంలోని గొప్పతనమే ఒక హాలును కాపాడుతుందనుకుంటే ఈ లెక్క పొసగదు. తేడా మరెక్కడో ఉంది.

నిలువెత్తు ఖాళీ, ఒకటే అంతస్తు

పాత సినిమా హాలును పునర్వినియోగంలోకి తేవాలనే ప్రతి ప్రయత్నమూ చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది: ఆ మధ్యనున్న పెద్ద ఖాళీని ఏం చేయాలి? పాత మిల్లయినా, గోదామైనా, బడి అయినా ఇంత ఇబ్బంది పెట్టదు. వాటికి కిటికీలుంటాయి, చదునైన అంతస్తులుంటాయి. గోడలు పెట్టుకుంటే ఇళ్లవుతాయి, బల్లలు వేసుకుంటే ఆఫీసులవుతాయి. సినిమా హాలు కట్టిందే వెలుతురు రాకుండా. నేల వాలుగా ఉంటుంది. బాల్కనీ మెట్లు మెట్లుగా ఉండి ఇంకా నిటారుగా లేస్తుంది. ఎవరి చూపుకూ అడ్డు రాకూడదని మధ్యలో స్తంభాలు లేకుండా, ఒక గోడ నుంచి ఇంకో గోడకు భారీ ఉక్కు దూలాలు వేస్తారు. నాలుగైదు అంతస్తుల ఎత్తున్నా, అద్దె లెక్కలోకి వచ్చేది దాదాపు ఒక్క అంతస్తే.

రియల్ ఎస్టేట్ కళ్లకు ఇది పూర్తిగా దండగ. ఆ స్థలంలో పదో ఇరవయ్యో అంతస్తులు కట్టుకోవచ్చని నిబంధనలు అనుమతిస్తుంటే, అక్కడున్నది గాలి. కట్టుకోగలిగిన విస్తీర్ణానికీ ఉన్న విస్తీర్ణానికీ మధ్య తేడా ఎంత పెరిగితే, కూల్చివేత ఒత్తిడి అంత పెరుగుతుంది. ఊరి నడిబొడ్డున ఉండటం ఒకప్పుడు హాలుకు బలం, తర్వాత అదే దాని మెడకు చుట్టుకుంది.

చాలా హాళ్ల ప్లానులో ఇంకో కిటుకు ఉంది. పెద్ద వీధిలో స్థలం ఖరీదెక్కువ కాబట్టి, అక్కడ సన్నటి ముఖద్వారం, టికెట్ కౌంటరు, లాబీ మాత్రమే కట్టి, అసలు హాలును వెనక చవక స్థలంలోకి నెట్టేవారు. వీధిలోంచి చూసేవాళ్లకు జ్ఞాపకం ఉండేది బోర్డు, దీపాలు, మెట్లు. బిల్డింగులో ఎక్కువ భాగం మాత్రం వాళ్ల కంటికి కనపడని చోట ఉంటుంది. ముందు గోడ ఉంచి వెనకంతా కూల్చేద్దామనే ఆలోచన ఇంత తేలిగ్గా జనం ఒప్పుకోవడానికి ఇదొక కారణం. వీధికి ఏ మార్పూ తెలియదు. పోయింది సినిమా హాలే అయినా, ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇంత పెద్ద హాళ్లు ఎందుకు కట్టారంటే, అప్పటి వ్యాపారం అలాంటిది. 1920ల్లో మూకీ చిత్రంతో పాటు ఆర్కెస్ట్రా, పైపుల ఆర్గన్, స్టేజీ మీద ఆటాపాటా ఉండేవి. ఆ ఖర్చు గిట్టాలంటే వేల సీట్లు నిండాలి. చల్లగాలి కూడా ఒక ఆకర్షణే. న్యూయార్క్‌లోని రివోలీ థియేటరులో క్యారియర్ సంస్థ 1925లో ఏసీ పెట్టింది. ఇళ్లలో అలాంటిది ఊహకైనా అందని రోజులవి. టాకీలు వచ్చాక ఆర్కెస్ట్రా అవసరం పోయింది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు, సినిమాలు తీసే పెద్ద స్టూడియోల చేతిలోనే హాళ్లూ ఉండే పద్ధతిని దెబ్బతీసింది. ఆపై టీవీ వచ్చింది, జనం శివార్లకు తరలిపోయారు. 1970ల నాటికి చాలాచోట్ల బాల్కనీకి అడ్డుగోడ కట్టి ఒక హాలును రెండుగా, మూడుగా చీల్చి నడిపారు. ఆ గోడలు చూడ్డానికి బాగుండవు. కానీ ఆ అడ్డుగోడల పుణ్యాన కొన్ని హాళ్లు ఇంకో పదేళ్లు బతికాయన్నది కూడా నిజం.

మొదటి శత్రువు నీళ్లు

మూతపడ్డ హాలు గురించిన చర్చ సాధారణంగా "ఏం చేద్దాం" అన్నదానితో మొదలవుతుంది. మ్యూజియమా, మాలా, కళాకేంద్రమా అని ఏళ్ల తరబడి వాదించుకుంటారు. ఆలోగా పైకప్పు కారుతూనే ఉంటుంది. పైకప్పు నీళ్లు దిగే గొట్టాలు చాలా హాళ్లలో గోడల లోపలినుంచే వస్తాయి. ఆకులు చేరి ఒక గొట్టం మూసుకుపోతే నీళ్లు కప్పు మీద నిలుస్తాయి, పగుళ్లలోంచి దిగుతాయి, గార నానుతుంది, లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను పగలగొడుతుంది. షికాగో అప్‌టౌన్‌కు జరిగింది ఇంకా ఘోరం. 1981 డిసెంబరులో ఆఖరి కచేరీ అయ్యాక హాలును వేడిగా ఉంచడం మానేశారు. ఆ చలికాలంలోనే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి, గొట్టాలు పగిలి, లోపల వరద వచ్చింది. యాభై ఏళ్లకు పైగా జనం తొక్కిడికి చెడనిది ఒక్క శీతాకాలానికి చెడింది.

నీళ్లకు అన్నిటికంటే ముందు లొంగేది సీలింగు. పైకి చూస్తే రాతి చెక్కడంలా ఉంటుంది గానీ అది రాయి కాదు. చాలా హాళ్లలో ప్లాస్టరులో గోనెలాంటి ముతక గుడ్డ కలిపి అచ్చుల్లో పోసిన పలకలను, అదే గుడ్డను ప్లాస్టరులో ముంచి చేసిన కట్లతోనో, ఇనుప తీగలతోనో పైనున్న చట్రానికి వేలాడదీస్తారు. ఆ చట్రానికి పైన అటకలాంటి చీకటి చోటు ఉంటుంది. అక్కడికి ఎక్కి చూసేవాళ్లు తక్కువ. 2013 డిసెంబరు 19న లండన్‌లోని అపోలో నాటకశాలలో ప్రదర్శన నడుస్తుండగానే సీలింగులో కొంత భాగం ప్రేక్షకుల మీద కూలి, పదుల మంది గాయపడ్డారు. కారణం, వందేళ్లు దాటిన ఆ గుడ్డ కట్లు చివికిపోవడం. అది నాటకశాలే గానీ, ఆ తరం సినిమా హాళ్ల సీలింగూ అదే పనితనం. ఆ తర్వాత బ్రిటన్‌లో పాత హాళ్ల సీలింగుల తనిఖీ మీద పట్టు బిగించారు. మూసిన హాలు కొనాలనుకునేవాళ్లు ముందు పంపాల్సింది ఇంటీరియర్ డిజైనరును కాదు, ఆ అటక మీదికి ఎక్కి ఒక్కో కట్టునూ చేత్తో తడిమి చూడగల మనిషిని.

ఆస్బెస్టాస్ సంగతీ అంతే. ఆనాటి సినిమా రీళ్లకు వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది కనక, ప్రొజెక్టరు గదిని మందపాటి గోడలతో, ఇనుప తలుపులతో, నిప్పుకు తట్టుకునే ఆస్బెస్టాస్ పలకలతో కట్టేవారు. స్టేజీ ముందు దించే అగ్ని తెరలోనూ అదే ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం, అందుకే తీయడానికి ప్రత్యేక పనివాళ్లు కావాలి. ఈ ఖర్చు బయటికి కనపడదు, ప్రారంభోత్సవం ఫొటోల్లో రాదు. దాతలెవరూ తమ పేరు పెట్టమని అడిగే రకం పనీ కాదు.

ఇన్ని కారణాల వల్ల, పథకం తేలకముందే చేయాల్సిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. కప్పు మీద నీళ్లు పోయేలా చూడటం, గాలి ఆడేలా ఉంచటం, పావురాలు దూరకుండా వల కట్టటం, విద్యుత్తులో కొంతైనా ఉంచి నిప్పును పసిగట్టే అలారం పనిచేసేలా చూడటం. మొత్తం పునరుద్ధరణ ఖర్చులో ఇది పిసరంత. అయినా దీనికి డబ్బు దొరకదు, ఎందుకంటే ఈ దశలో హాలు తరచూ ఎవరికీ చెందనట్టే ఉంటుంది. వారసుల మధ్య వ్యాజ్యం, బ్యాంకు అప్పు, పన్ను బకాయిలు. కింగ్స్ థియేటరును పన్ను బకాయిల కింద 1983లో న్యూయార్క్ నగరమే స్వాధీనం చేసుకుంది. అసలు పనులు 2013లో గానీ మొదలవలేదు. ఆ ముప్పై ఏళ్లూ లోపల చెమ్మ తన పని తాను చేసుకుంటూ పోయింది. చివరి బిల్లు సుమారు 9.5 కోట్ల డాలర్లు. అందులో ఎంత భాగం 1929 నాటి పనితనానికి, ఎంత భాగం ఆ ఆలస్యానికి అని విడదీసి చూస్తే, రెండోది చిన్నదేమీ కాదని తేలుతుంది.

ఏ పనికి ఏది కుదురుతుంది

అందరికీ ముందు తోచేది కచేరీ హాలు. మూకీల నాటి హాళ్లకు అది నిజంగానే నప్పుతుంది. అవి మైకుల కోసం కాక, ఆర్గన్, ఆర్కెస్ట్రాల కోసం కట్టినవి. శబ్దం కొంచెంసేపు గాల్లో నిలిచేలా ఉంటాయి. టాకీల తర్వాత కట్టినవి వేరు. స్పీకర్లలోంచి వచ్చే మాట స్పష్టంగా వినపడాలని గోడలకు మెత్తటి పలకలు పరిచారు. వాటిలో వాద్యం పొడిగా, జీవం లేనట్టు మోగుతుంది. ఏ సంవత్సరంలో కట్టారన్నది చూడకుండా "కచేరీలు పెడదాం" అనేవాళ్లు తర్వాత సౌండ్ కన్సల్టెంట్లకు ఎక్కువ చెల్లిస్తారు.

ఇక స్టేజీ. సినిమా హాలు స్టేజీ లోతు తక్కువ. ఈనాటి ప్రదర్శనలు లారీల కొద్దీ సామాను వేసుకొస్తాయి. ఆ లారీలు ఆగడానికి వెనక సందు చాలదు, దించడానికి తలుపు చాలదు, నటులకు మేకప్ గదులు చాలవు. కింగ్స్‌లో అందుకే వెనకనున్న స్టేజీ భాగాన్ని పెంచి కట్టారు. హాలు మాత్రం పాతది పాతగానే ఉంచారు. పరిరక్షణ నిపుణుల్లో కొందరికి ఇలాంటి మార్పు రుచించదు. కానీ ప్రేక్షకులకు ఎప్పుడూ కనపడని ఇటుక గోడను వదులుకుని, కనపడేదంతా నిలబెట్టుకోవడం మంచి బేరమే.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో 1919లో నాటకశాలగా తెరిచిన గ్రాండ్ స్ప్లెండిడ్, తర్వాత సినిమా హాలైంది, 2000లో ఎల్ అతెనియో పుస్తకాల షాపైంది. బాల్కనీల వెంబడి అల్మారాలు, బాక్సుల్లో కూర్చుని చదువుకునే చోటు, స్టేజీ మీద కాఫీ బల్లలు, తెర పక్కకు లాగి కట్టినట్టే ఉంది. పైన గుమ్మటం మీది చిత్రం చెక్కుచెదరలేదు. పుస్తకాల షాపుకు సినిమా హాలు ఎందుకు సరిపోయిందంటే, పుస్తకాలకు ఎండ పడదు, కిటికీలు అక్కర్లేదు. జనం నిలబడి తల ఎత్తి చూసినా వ్యాపారానికి నష్టం లేదు, పైగా లాభం. లాస్ ఏంజెలెస్‌లో 1927 నాటి టవర్ థియేటరులో ఆపిల్ కంపెనీ 2021లో షాపు తెరవడం వెనకా ఇదే లెక్క. అక్కడ అమ్మేది వస్తువులే గానీ, రప్పించేది సీలింగు. ఇలాంటి అద్దెదారులు ప్రతి ఊళ్లోనూ దొరకరు. అదే ఈ దారిలోని లోపం.

ఎవరూ గొప్పగా చెప్పుకోని వాడకం ఒకటుంది: బింగో, అంటే పిలిచిన అంకెలను చీటీలో కొట్టేసుకుంటూ ఆడే పందెపు ఆట. లండన్‌లోని టూటింగ్ గ్రనాడా 1931లో తెరుచుకుంది, లోపలంతా గోతిక్ చర్చిలా ఉంటుంది. 1973లో సినిమాలు ఆగాయి, 1976లో అంకెలాట మొదలైంది. 2000లో బ్రిటన్‌లో అత్యున్నత రక్షణ అయిన గ్రేడ్ వన్ జాబితాలోకి ఎక్కింది. అప్పటికే పాతికేళ్లుగా దాన్ని కాపాడుతున్నది చట్టం ఒక్కటే కాదు, బల్లలు వేసుకుని అంకెలు కొట్టుకుంటున్న జనం కూడా. ప్రార్థనా మందిరాలుగా మారిన హాళ్లదీ అదే కథ. రోజూ తలుపు తెరిచేవాళ్లుంటే కారుతున్న కప్పు వెంటనే తెలుస్తుంది. కళాభిమానులు ఈ వాడకాలను చిన్నచూపు చూస్తారు గానీ, వాళ్ల కోరిక తీరేదాకా హాలును నిలబెట్టినవి ఇవే.

ఈ వాడకాలన్నిటిలో ఒక సామాన్య గుణం ఉంది. ఏదైనా తీసేస్తే హాలు మళ్లీ హాలవుతుంది. వాలు నేలను పగలగొట్టకుండా దాని మీద చదునైన వేదిక వేయవచ్చు. కుర్చీల కింద ఆనాటి ఏసీ కోసం వదిలిన గాలి గుంటలను కొత్త వైర్లకు, గొట్టాలకు వాడుకోవచ్చు. డెట్రాయిట్ పార్కింగ్‌తో పోల్చి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ హాలు బతికే ఉంది గానీ, తిరిగి లేచే దారి కాంక్రీటులో కూరుకుపోయింది.

మెల్‌బోర్న్‌లోని కాపిటల్ థియేటర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. వాల్టర్ బర్లీ గ్రిఫిన్, మేరియన్ మహోనీ గ్రిఫిన్ దంపతులు గీసిన ఈ హాలు 1924లో తెరుచుకుంది. స్ఫటికాల గుహలాంటి సీలింగు, అందులో రంగులు మార్చే దీపాలు. 1960ల్లో కింది భాగాన్ని తీసేసి షాపుల వరస పెట్టారు, పై భాగంలో హాలు మిగిలింది. శుద్ధవాదులకు ఇది అంగచ్ఛేదం. అయితే సీలింగు దక్కిందీ ఈ సర్దుబాటుతోనే. 1999లో ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం కొని, మరమ్మతులు చేయించి, 2019లో మళ్లీ తెరిచింది. విశ్వవిద్యాలయానికి పగలంతా పాఠాలకు హాలు కావాలి, సాయంత్రాలు ఉత్సవాలకు ఇవ్వవచ్చు. ఖాళీ గంటలు తక్కువ.

లాబీకి ఉన్న రక్షణ హాలుకు లేకపోతే

చట్టం ఏ భాగాన్ని కాపాడుతుందన్నది చాలా ముఖ్యం. న్యూయార్క్ ఫ్లషింగ్‌లోని ఆర్‌కేఓ కీత్స్ థియేటరు (1928) లాబీకి, టికెట్ హాలుకు మాత్రమే రక్షిత హోదా దక్కింది, ప్రేక్షకుల హాలుకు దక్కలేదు. 1986లో మూతపడ్డాక ఆ స్థలం యజమానుల చేతులు మారుతూ, ప్లానులు మారుతూ దశాబ్దాలు గడిచాయి. హాలు పోయింది. లాబీ అలంకారాన్ని విప్పి, కొత్త భవనంలో తిరిగి అమర్చాలన్న పథకం దగ్గరికి కథ చేరింది. గుమ్మం ఉంచి ఇల్లు తీసేసినట్టు.

హాలును కాపాడమని యజమానిని అడిగేటప్పుడు, అతను వదులుకునే అంతస్తుల ఖరీదు ఎవరు కడతారన్న ప్రశ్న వస్తుంది. దీనికి దొరికిన తెలివైన జవాబుల్లో ఒకటి, ఆ కట్టుకోని అంతస్తుల హక్కును దగ్గర్లోని మరో స్థలానికి అమ్ముకోనివ్వడం. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషను మీద టవరు కట్టనివ్వలేదని వచ్చిన కేసులో, 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం పక్షాన తీర్పిస్తూ, ఆ హక్కును పక్క స్థలాలకు మార్చుకునే వీలుందన్న సంగతినీ లెక్కలోకి తీసుకుంది. ఖాళీకి ధర కట్టే పద్ధతి ఇది. కొనేవాళ్లున్న నగరాల్లోనే ఇది నడుస్తుంది, మందకొడి ఊళ్లలో కాగితం మీదే ఉంటుంది. అట్లాంటాలో 1929 నాటి ఫాక్స్ థియేటరును ఒక టెలిఫోన్ కంపెనీ తన ఆఫీసు కోసం కొని కూల్చాలనుకున్నప్పుడు, జనం గట్టిగా అడ్డుపడ్డారు. 1975లో ఒక లాభాపేక్ష లేని సంస్థ రంగంలోకి దిగింది, కంపెనీ పక్కనున్న స్థలంలో టవరు కట్టుకుంది. హాలు కోసం చేసిన అప్పు 1978కల్లా తీరిపోయింది. ఇంత త్వరగా తీరడం అరుదు. 4,600 పైచిలుకు సీట్లున్న హాలుకు ఊళ్లో పోటీ లేకపోవడం దానికి కలిసొచ్చింది.

అమెరికాలో ఆదాయం తెచ్చే చారిత్రక భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం కేంద్ర పన్నులో మినహాయింపుగా వస్తుంది. కింగ్స్‌కూ ఇలాంటివి తోడయ్యాయి. ఈ సాయాలన్నీ కట్టడానికే. తెరిచాక ప్రతి నెలా వచ్చే కరెంటు బిల్లుకు, అంత గాలిని చల్లబరచడానికి, సెక్యూరిటీకి, బీమాకు ఎవరూ మినహాయింపు ఇవ్వరు. ఘనంగా తెరిచిన హాళ్లు తడబడేది ఇక్కడే. కాబట్టి ఏ పథకాన్నైనా అంచనా వేయాలంటే నమూనా చిత్రాల కంటే క్యాలెండరు అడగడం మేలు: ఏడాదిలో ఎన్ని సాయంత్రాలు నిండుతాయి, మిగతా రోజులు అద్దె ఎవరిస్తారు?

ముంబైలో 1938 నాటి ఈరోస్, 2018లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆర్ట్ డెకో (1920-30ల నాటి ఒక నిర్మాణ శైలి) భవనాల వరసలో ఉంది. మూతపడ్డాక 2024లో ఒక్క ఐమాక్స్ తెరతో తిరిగొచ్చింది. సీట్లు మునుపటి కంటే బాగా తక్కువ, మిగతా చోటు షాపులకు పోయింది. హాలీవుడ్‌లో 1922 నాటి ఈజిప్షియన్‌ను 1996లో ఒక సినీ సంస్థకు నామమాత్రంగా ఒక్క డాలరుకు ఇచ్చారు. 1998లో తెరిచారు, ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆ లాభాపేక్ష లేని సంస్థకు నిర్వహణ భారమైంది. 2020లో నెట్‌ఫ్లిక్స్ కొని, బాగుచేయించి, 2023 నవంబరులో మళ్లీ తెరిచింది. జనం హాలుకు రావడం తగ్గడానికి కారణమని చాలామంది వేలెత్తి చూపే కంపెనీయే హాలును కొనడం మీద అప్పట్లో గొడవ బాగానే జరిగింది. చివరికి కుదిరిన ఒప్పందం మాత్రం సీదాసాదాగా ఉంది: మామూలు రోజుల్లో నెట్‌ఫ్లిక్స్ తన ప్రీమియర్లు వేసుకుంటుంది, శుక్రవారం నుంచి ఆదివారం దాకా పాత సంస్థే తనకు నచ్చిన సినిమాలు ఆడిస్తుంది, అవసరమైతే నైట్రేట్ ఫిల్ముతో సహా.